"మస్ట్ నాట్", "కెనాట్", "మే నాట్": ఇంగ్లీషు నిషేధంలో "నాట్" దేనిమీద పడుతుంది?

ప్రశ్న:

గుంపులోని పెద్దలకు నమస్కారం. యంత్రాల వాడకం సూచనలను, నియమావళులను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చే పనిలో ఉన్నాను. ఒకే పత్రంలో "మస్ట్ నాట్", "కెనాట్", "మే నాట్", "షుడ్ నాట్", "షల్ నాట్" అన్నీ కనిపిస్తున్నాయి. అన్నిటికీ "కూడదు" అనే రాస్తున్నాను గాని, అది అన్నిచోట్లా అతకడం లేదు. ఇంకొక సందేహం కూడా ఉంది. "మస్ట్" అంటే "తప్పనిసరి" అయినప్పుడు "మస్ట్ నాట్" అంటే "తప్పనిసరి కాదు" అని కదా రావాలి? అది "చేయకూడదు" ఎలా అయింది? దయచేసి వివరించగలరు.

సమాధానం:

మీ రెండో సందేహంతోనే మొదలుపెడతానండీ. అది తేలితే మొదటిది సగం తేలినట్టే. తర్కం ప్రకారం మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. "వెళ్లడం తప్పనిసరి" అన్న మాటను కాదంటే "వెళ్లడం తప్పనిసరి కాదు" అనే రావాలి. కానీ "యు మస్ట్ నాట్ గో" అన్న వాక్యంలో "నాట్" తన ముందున్న "మస్ట్"ను కాదనడం లేదు, తన తర్వాత వచ్చే "గో"ను కాదంటోంది. వెళ్లకుండా ఉండటం నీకు తప్పనిసరి అన్నది ఆ వాక్యం లోపలి అర్థం. "యు నీడ్ నాట్ గో" అన్నప్పుడు మాత్రం ఆ "నాట్" సహాయక క్రియ అయిన "నీడ్"మీదే పడి, వెళ్లవలసిన అవసరాన్నే తీసేస్తుంది. రెండు వాక్యాల కట్టుబడీ ఒకటే, మాటల వరుసా ఒకటే. "నాట్" పరిధి ఎక్కడిదాకా అన్నది పైకి కనిపించదు కాబట్టి, ఏ సహాయక క్రియతో అది ఎటు మొగ్గుతుందో విడివిడిగా నేర్చుకోవలసిందే.

అనుమతిని తెలిపే "మే", "కెన్" దగ్గరకు వస్తే దారి మారుతుంది. "యు మే నాట్ గో", "యు కెనాట్ గో" అన్నవాటిలో "నాట్" అనుమతినే కాదంటుంది: వెళ్లడానికి నీకు అనుమతి లేదు. అంటే ఇంగ్లీషులో నిషేధానికి చేరే దారులు రెండు. చేయకపోవడాన్ని విధిగా పెట్టడం ఒకటి, చేయడానికి అనుమతి నిరాకరించడం రెండోది. చేరే చోటు ఒకటే అయినా, మొదటి దారిలో వచ్చిన వాక్యానికి ఆజ్ఞ పదును ఉంటుంది, రెండో దారిలో వచ్చినదానికి "నియమం అలా ఉంది" అన్న ధోరణి ఉంటుంది. అనువాదంలో ఈ తేడా నిలవాలని నా అభిప్రాయం.

"మస్ట్" చరిత్ర చూస్తే ఈ వింత ఇంకాస్త విప్పుకుంటుంది. పాత ఇంగ్లీషులో దీని మూలక్రియ "మోటన్". "అనుమతి ఉండు, వీలు కలుగు" అని దాని అర్థం. దాని భూతకాల రూపం "మోస్టె" నుంచి నేటి "మస్ట్" వచ్చింది. అనుమతిని చెప్పే మాటకు వ్యతిరేకం చేరిస్తే నిషేధమే వస్తుంది కదా. తర్వాతి కాలంలో ఆ క్రియ అర్థం అనుమతి నుంచి విధి వైపు జరిగింది, వ్యతిరేక రూపం మాత్రం ఆనాటి నిషేధార్థంలోనే నిలిచి ఉంది. దీనికి జ్ఞాతిపదమైన జర్మన్ "ముస్సెన్" మరో దారి పట్టింది. "డు ముస్ట్ నిష్ట్ గేయెన్" అంటే "నువ్వు వెళ్లనక్కరలేదు" అని. "వెళ్లకూడదు" అనడానికి అక్కడ "దుర్ఫెన్" అనే వేరే క్రియ వాడి "డు దార్ఫ్‌స్ట్ నిష్ట్ గేయెన్" అనాలి. ఒకే వేరు నుంచి పుట్టిన రెండు మాటలకు పక్కన వ్యతిరేకం చేరేసరికి అర్థాలు ఇలా విడిపోయాయి. కాబట్టి ఇక్కడ తర్కం కంటే వాడుకదే పైచేయి.

మన భాషలో ఈ చిక్కు లేదు. "వెళ్లాలి" అన్న రూపానికి నేరుగా వ్యతిరేకం చేర్చే వీలే లేదు కాబట్టి, మాట్లాడేవాడు ముందే ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు: "వెళ్లకూడదు" అనాలా, "వెళ్లనక్కరలేదు" అనాలా? తెలుగు మాతృభాషగా గలవారు ఈ రెండింటినీ తారుమారు చేయడం నేనెన్నడూ వినలేదు. అయితే ఇంగ్లీషు రాసేటప్పుడు మాత్రం "రానక్కరలేదు"కు "మస్ట్ నాట్ కమ్" అని, "రావద్దు"కు "నీడ్ నాట్ కమ్" అని రాసేవారు కనిపిస్తారు. "మస్ట్ ఐ కమ్?" అని ఎవరైనా అడిగితే, అవసరం లేదని చెప్పదలచినప్పుడు "నో, యు నీడ్ నాట్" అనాలి. "నో, యు మస్ట్ నాట్" అంటే అడిగినవాణ్ణి రావద్దని ఆపేసినట్టే.

ఇక "మే నాట్". ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన మాట. ఒకే సూచనల పత్రంలో ఎదురుపడగల ఈ రెండు వాక్యాలు గమనించండి. "ద డివైస్ మే నాట్ బి యూజ్డ్ అండర్ వాటర్" అన్నది నిషేధం: ఈ పరికరాన్ని నీటిలో వాడరాదు. "ద డివైస్ మే నాట్ వర్క్ అండర్ వాటర్" అన్నది సంభావన: ఈ పరికరం నీటిలో పనిచేయకపోవచ్చు. మొదటిదానిలో "నాట్" అనుమతిని తీసేసింది, రెండోదానిలో పనిచేయడాన్ని కాదని, అలా జరిగే అవకాశాన్ని అలాగే ఉంచింది. ఇంగ్లీషులో ఒకే చోట కూర్చున్న "నాట్"ను తెలుగు రెండు వేర్వేరు స్థానాల్లో పెట్టి చూపిస్తోంది. "వాడవచ్చు" అన్నదానిలో ఉన్న "వచ్చు", "వాడరాదు" అన్నదానిలో ఉన్న "రాదు" ఒకే క్రియకు అస్తి, నాస్తి రూపాలు: వచ్చును, రాదు. కాబట్టి "వాడరాదు" అన్నప్పుడు వ్యతిరేకం సరిగ్గా అనుమతి మీదే పడింది. "పనిచేయకపోవచ్చు" అన్నప్పుడు "వచ్చు" చెక్కుచెదరలేదు, వ్యతిరేకం "చేయక" దగ్గరే ఆగిపోయింది. అనుమతిని నిరాకరించే "మే నాట్"కు "రాదు"ను మించి సరిపోయే మాట మరొకటి లేదని నేను గట్టిగా నమ్ముతాను. సంధి చేసి "చేయరాదు" అని రాయడం గ్రాంథికం అనుకుని కొందరు దానికి దూరంగా ఉంటున్నారు. నియమావళులలో, హెచ్చరికలలో దానంత చక్కగా ఒదిగే మాటను వదులుకోవడం బాధాకరం.

ఈ సందిగ్ధత ఇంగ్లీషువారికీ తెలిసినదే. అంతర్జాతీయ ప్రమాణాలను రూపొందించే ఐఎస్ఓ సంస్థ, ప్రమాణాల రచనకు పెట్టుకున్న నియమాలలో, నిషేధానికి "షల్ నాట్" వాడాలని, దాని బదులు "మే నాట్" రాయవద్దని స్పష్టంగా చెప్పింది. "షల్" స్థానంలో "మస్ట్"ను కూడా అక్కడ ఒప్పుకోరు. ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలలో ఈ మాటల విలువలను 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం నిర్వచించింది. దాని ప్రకారం "మస్ట్ నాట్", "షల్ నాట్" రెండూ సంపూర్ణ నిషేధాలే. "షుడ్ నాట్" అంటే మామూలుగా చేయకపోవడమే మంచిది గాని, తగిన కారణం ఉండి, పర్యవసానాలన్నీ తెలిసినప్పుడు చేయవచ్చు. పెద్ద అక్షరాలలో రాసినప్పుడే ఈ మాటలకు ఆ ప్రత్యేకార్థం వర్తిస్తుందని 2017లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8174 వివరణ ఇచ్చింది. మీరు అనువదించే పత్రం ఇలాంటిదైతే, "షుడ్ నాట్"కు "కూడదు" అని రాస్తే మూలం ఇచ్చిన వెసులుబాటును మీరు లాగేసుకున్నట్టవుతుంది. "చేయకపోవడం మంచిది" అని గాని, "చేయకుండా ఉండాలని సిఫారసు" అని గాని రాయండి.

"షల్ నాట్" గురించి ఇంకొక్క మాట. నేటి మాటల్లో ఇది దాదాపుగా వినిపించదు. చట్టాలలో, ఒప్పందాలలో, మతగ్రంథాలలో మిగిలింది. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలులో పది ఆజ్ఞలలో ఎక్కువ భాగం "దౌ షాల్ట్ నాట్ స్టీల్" అన్న ధోరణిలో ఉంటాయి. తెలుగు బైబిలులో అదే ఆజ్ఞ "దొంగిలకూడదు" అని ఉంది. ఆ తూకానికి "కూడదు" ఎంత బాగా అమరిందో చూడండి.

"కెనాట్" విషయంలో చిక్కు మరో రకం. అశక్తత, అసాధ్యత, నిషేధం మూడింటినీ అది ఒక్కటే మోస్తుంది. తెలుగులో "చదవలేడు", "చదవడం రాదు", "చదవరాదు" మూడూ వేర్వేరు సంగతులు: మొదటిది శక్తి గురించి, రెండోది విద్య గురించి, మూడోది నియమం గురించి. అయినా ఈ మధ్య తెరలమీద కనిపించే అనువాదాలలో "కెనాట్" అన్న ప్రతిచోటా "లేరు" అని దించేస్తున్నారు. "యు కెనాట్ షేర్ యువర్ పాస్‌వర్డ్ విత్ అదర్స్" అన్న నిబంధన "మీరు మీ పాస్‌వర్డును ఇతరులతో పంచుకోలేరు" అయి కూర్చుంటోంది. పంచుకోవడానికి మనిషికి శక్తి లేకపోవడమేమిటి? నోరు విప్పితే పంచుకున్నట్టే. అక్కడ అడ్డు నియమానిది కాబట్టి "పంచుకోరాదు" లేదా "పంచుకోకూడదు" అనాలి. అదే "యు కెనాట్ ఓపెన్ దిస్ ఫైల్ వితౌట్ ఎ పాస్‌వర్డ్" అన్నచోట అడ్డు యంత్రానిది, ప్రయత్నించినా తెరుచుకోదు. అక్కడ "తెరవలేరు" సరైనదే, "తెరవడం వీలుపడదు" ఇంకా బాగుంటుంది. పని చేయగలిగి కూడా చేయవద్దంటున్నారా, లేక చేయబోయినా జరగదంటున్నారా అని ఒక్కసారి ప్రశ్నించుకుంటే చాలు.

కాలం మారినప్పుడు వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. "మస్ట్ నాట్"కు భూతకాల రూపం లేదు. నిన్న నన్ను వెళ్లనివ్వలేదని చెప్పడానికి "ఐ కుడ్ నాట్ గో" అంటే వెళ్లలేకపోయానన్న అర్థమే ముందు తడుతుంది కాబట్టి "ఐ వజ్ నాట్ అలౌడ్ టు గో" అనడమే క్షేమం. భవిష్యత్తుకు కూడా "విల్ నాట్ బి అలౌడ్ టు" అన్న పలుకుబడే దిక్కు. అలాగే "కుడ్ ఐ సిట్ హియర్?" అని మర్యాదగా అడిగినా, నిరాకరించేవారు "నో, యు కాంట్" అంటారు గాని "కుడెంట్" అనరు. అడగడంలో ఉన్న మెత్తదనం నిరాకరణలో చెల్లదు.

మరొకరి ప్రశ్న:

చాలా చక్కగా వివరించారండీ. రెండు సందేహాలు. "హి మస్ట్ నాట్ బి ఎట్ హోమ్" అన్న వాక్యం ఒకచోట చదివాను. అతను ఇంట్లో ఉండకూడదనా? రెండోది, "ఎవరూ లోపలికి రాకూడదు" అన్నదానికి "ఎనీవన్ మస్ట్ నాట్ ఎంటర్" అని నేను రాస్తే తప్పని ఒకరు అన్నారు. ఎందుకు?

సమాధానం:

మొదటిది నిషేధం కాదండీ, ఊహ. "అతను ఇంట్లో లేనట్టుంది" అని అర్థం. అమెరికా ఇంగ్లీషులో ఈ వాడుక మామూలే. బ్రిటిష్ ఇంగ్లీషులో ఇదే సంగతికి "హి కాంట్ బి ఎట్ హోమ్" అనడం రివాజు. అమెరికావారు మాటల్లో నిషేధానికి "మస్ట్ నాట్"ను తక్కువగా వాడి "కాంట్", "నాట్ అలౌడ్ టు" వైపే మొగ్గుతారు. అందువల్ల వారి నోట "మస్ట్ నాట్" వినిపించినప్పుడు సందర్భం చూడకుండా "కూడదు" అనుకోవద్దు.

రెండోదానికి మూలం మన "ఎవరూ". తెలుగులో "ఎవరూ" వాక్యం మొదట్లో ఉండి, వ్యతిరేకం చిట్టచివర క్రియలో వస్తుంది. మనకు అందులో లోటేమీ తోచదు. ఇంగ్లీషులో ఈ రకం "ఎనీవన్" తనకు ముందే ఒక వ్యతిరేక పదం ఉంటే గాని నిలవదు. కర్తస్థానంలో అది మొదటే వచ్చేస్తే వ్యతిరేకం వెనకబడిపోతుంది. అందుకని వ్యతిరేకాన్ని కర్తలోకే తెచ్చి "నో వన్ మే ఎంటర్" అనాలి, ఇంకా గట్టిగా చెప్పాలంటే "నో వన్ మస్ట్ ఎంటర్" అనవచ్చు. ఇదే పోలికలో "ఆల్ మెంబర్స్ షుడ్ నాట్ స్పీక్" అన్న వాక్యాన్ని కూడా మానుకోండి. సభ్యులెవరూ మాట్లాడకూడదనా, అందరూ ఒక్కసారిగా మాట్లాడకూడదనా అన్నది తేలదు. మొదటి అర్థమే కావాలంటే "నో మెంబర్ షుడ్ స్పీక్" అని, రెండోది కావాలంటే "మెంబర్స్ షుడ్ నాట్ ఆల్ స్పీక్ ఎట్ వన్స్" అని రాయండి.