శేషాచలం తీర్థాలు: ముక్కోటికి మాత్రమేనా, చలికాలంలో కూడా అనుమతితో దారి తెరవాలా?

దారిబత్తెం (చర్చ మొదలుపెట్టినవారు):

తిరుమలకు వచ్చిపోయేవాళ్లలో చాలామందికి తాము ఒక జాతీయ పార్కు మధ్యలో తిరుగుతున్నామన్న సంగతే తెలీదు. శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కును 1989లో ప్రకటించారు. విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. చుట్టుపక్కల కొండలు కూడా కలిపి 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు చేశారు. ఇంత అడవిలో మామూలు మనిషి చూడగలిగేది ఆకాశగంగ, పాపవినాశనం, శిలాతోరణం, అటువైపు దిగితే తలకోన జలపాతం. ఘాట్ రోడ్డు పక్కనే పాత గ్రానైటు మీద క్వార్ట్‌జైట్ పొరలు వచ్చి కూర్చున్న గీత ఒకటి కనిపిస్తుంది. ఆ రెండు రాళ్ల వయసుల మధ్య తేడా కోట్లాది సంవత్సరాలు. జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించిన చోటు అది. బస్సులన్నీ దాని పక్కనుంచే పోతాయి, తల తిప్పి చూసేవాళ్లు అరుదు.

అసలు అడవి పాపవినాశనం డ్యామ్ దాటాక మొదలవుతుంది. సనకసనందన, రామకృష్ణ, కుమారధార, తుంబురు తీర్థాలు అటువైపే. తుంబురు కోనలో కొండ నిలువునా చీలినట్టుంటుంది. రెండువైపులా ఎర్రరాతి గోడలు, నడుమ నీళ్లు. కొన్ని చోట్ల గోడలు ఎంత దగ్గరకొస్తాయంటే మధ్యాహ్నం కూడా లోపల నీడే. ఆ కోనలోనే కవయిత్రి తరిగొండ వెంగమాంబ తపస్సు చేసుకుందని పెద్దలు చెబుతారు.

వీటికి దారి తెరిచేది ముక్కోటి నాడే, అంటే ఒక్కో తీర్థానికి ఏడాదికొకసారి వచ్చే స్నానపు పండుగ నాడే. రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురుకు ఫాల్గుణ పౌర్ణమి. ఒక్కరోజున వేలమంది ఒకే సన్నదారిలో పడతారు. ఫాల్గుణ పౌర్ణమి అంటే మార్చి ఎండ, కార్చిచ్చుల కాలం. 2014 మార్చిలో తిరుమల పక్కన మంటలార్పడానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చిన సంగతి ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది. అడవికి చెడుకాలమైన నెలలో అంత జనాన్ని పంపుతూ, సెలల్లో నీళ్లు పారి రాళ్లు చల్లగా ఉండే డిసెంబరులో పదిమందిని కూడా పంపకపోవడం నాకు సబబుగా అనిపించడం లేదు.

నా మాట ఇది: నవంబరు నుంచి జనవరి దాకా, రోజుకు ఒకటి రెండు చిన్న బ్యాచ్‌లు, అటవీశాఖ గైడు వెంట, ముందే పేరు రాయించుకుని, ఫీజు కట్టి. 1972 నాటి వన్యప్రాణి చట్టంలోనే పార్కులోకి అనుమతి ఇవ్వదగ్గ కారణాల్లో పరిశోధన, ఫొటోగ్రఫీలతో పాటు పర్యాటకం కూడా ఉంది. చట్టం అడ్డు కాదు. మీరేమంటారు?


మంగాపురం వాసి:

వద్దు తమ్ముడూ. నేను పుట్టి పెరిగింది శ్రీవారిమెట్టు కిందే. మీరు రాసింది బాగుంది, కానీ "చిన్న బ్యాచ్" అనే మాట మీద నాకు నమ్మకం లేదు. చిన్నగా మొదలైంది ఏదీ ఈ కొండ మీద చిన్నగా మిగల్లేదు.

ఒక్క సంగతి చెబుతాను. ఈ తీర్థాల దగ్గర, నీటిచెమ్మ తగిలే రాతిచూరుల కింద బంగారు బల్లి గుడ్లు పెడుతుంది. వేలిగోరంత తెల్లటి గుడ్లు, ఒకదాని పక్కన ఒకటి రాయికి అతుక్కుని గుంపుగా ఉంటాయి. చాలా బల్లులు వచ్చి ఒకే చోట పెడతాయి. పగలు బల్లి బయటకు రాదు కాబట్టి కింద కూర్చున్నవాడికి పైన ఏముందో తెలీదు. నేను చూసిన ఒక చూరు కింద ఎవరో పొయ్యి పెట్టుకుని వండుకున్నారు. మసి పట్టిన రాతి మీద గుడ్ల పెంకుల గుర్తులు అలాగే నల్లబడి ఉన్నాయి. పక్క మడుగులో షాంపూ ప్యాకెట్లు. అది ముక్కోటి జనం పని కాదు. ముక్కోటి నాడు దారి పొడవునా సిబ్బంది ఉంటారు. అది దొంగచాటుగా వచ్చిన ట్రెక్ బ్యాచ్ పని.

ఇక మనుషుల ప్రాణాల సంగతి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో, దీపాలూ జనమూ ఉన్న దారిలో, ఆరేళ్ల పాపను చిరుత చంపేసింది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు గుండాలకోన అడవిదారిన పోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు పోయాయి. గైడు చేతిలో కర్ర తప్ప ఏముంటుంది?


వనజ_బోటనీ:

ఈ అడవిలో మొక్కల మీద పనిచేసినదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

జనం శేషాచలమంటే ఎర్రచందనం ఒక్కటే అనుకుంటారు. నిజమే, ఆ చెట్టుకు ఈ కొండలే పుట్టినిల్లు. కానీ పేరిత గురించి ఎంతమందికి తెలుసు? చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, నిజానికి ఈత జాతి కాదు, సైకాస్. మరీ ప్రాచీనమైన వంశం. ఈ కొండల్లో తప్ప వేరేచోట సహజంగా దొరకదు. మగచెట్టుకు వచ్చే కంకిని మందుకోసమని కోసుకుపోతారు. పుప్పొడి ఆ కంకిలోనే కదా! మగకంకి పోతే ఆడచెట్టుకు గింజ కట్టదు. తెల్లకరక, మొగి, కొండగుగ్గిలం కూడా ఇలా కొద్దిచోటుకే పరిమితమైనవి. గుగ్గిలం బంక కోసం మానుకు గాట్లు పెట్టి, చివరికి మాను ఎండిపోయిన చోట్లు చూశాను.

అందుకని నేను పూర్తిగా మూసేయమనేదాన్నా అంటే, కాదు. మూసేసిన దారిలోకి కంకులు కోసేవాడు వస్తాడు, ఎర్రచందనం దుంగలు కొట్టేవాడు వస్తాడు. రానివాడు ఒక్కడే, చూసి చెప్పేవాడు. అడవిలోని బేస్ క్యాంపుల్లో ఉండే అటవీశాఖ ప్రొటెక్షన్ వాచర్లు రాత్రింబవళ్లు కష్టపడతారు, కానీ కొండ చాలా పెద్దది. పద్ధతిగా నడిచే బ్యాచ్, దాని వెంట ఊరి మనిషి ఉంటే అదీ ఒక కాపలానే. షరతు ఒకటి: పేరిత ఉన్న చోటు, బంగారు బల్లి గుడ్లున్న చోటు దారికి దూరంగా ఉండాలి. దారి గీసేముందు అడవి తెలిసినవాళ్లతో తిరిగి చూసుకోవాలి.


గోవిందదాసు:

తీర్థానికి పోయేది స్నానానికి, మొక్కుకు. పౌర్ణమి నాడు ఆ నీళ్లలో మునగడం మా తాతల నాటి నుంచి ఉన్న ఆచారం. దాన్ని ఎండ ఎక్కువని, కార్చిచ్చుల కాలమని తక్కువ చేసి మాట్లాడొద్దు. దేవస్థానం వాళ్లు దారిలో మజ్జిగ, పొంగలి, తాగునీళ్లు అందిస్తారు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లను ఈమధ్య దారి మొదట్లోనే ఆపుతున్నారు. ముక్కోటికి ఒక కట్టుబాటు ఉంది.

మూడు నెలలు రోజూ తెరిస్తే ఆ కట్టుబాటు పోతుంది. మందు బాటిళ్లతో వస్తారు. తుంబురు కోనలో బ్లూటూత్ స్పీకరు మోగడం నేను ఊహించుకోలేను.


తంబరం తెలుగోడు:

చెన్నైలో ఉంటాను. మా ఆఫీసు వాళ్లు వారాంతాల్లో నాగలాపురం కొండలకు పోతుంటారు. అది పార్కు బయట. అక్కడ మడుగుల్లో మునిగి ఎందరో కుర్రాళ్లు చనిపోయారు. అక్కడ గైడు లేడు, తాడు లేదు, లోతు ఎంతో చెప్పే బోర్డు కూడా చాలాచోట్ల లేదు. దారి చూపే జీపీఎస్ ట్రాక్ మాత్రం ఫోనులో ఉంటుంది. తుంబురుకు కూడా అలాంటి ట్రాక్‌లు చేతులు మారుతున్నాయి, నాకే రెండుసార్లు పంపారు. "దారి మూసి ఉంది" అన్నది కాగితం మీద మాటే. కాబట్టి తెరవాలా వద్దా అని కాదు, ఎవరి చేతిలో తెరిచి ఉండాలి అన్నదే ప్రశ్న. నా ఓటు దారిబత్తెం గారికి.


దారిబత్తెం:

అందరికీ ఒక్కొక్కటిగా.

గోవిందదాసు గారూ, ముక్కోటిని తీసేయమని నేను అనలేదు, అనను. ఆ రోజు ఆ రోజే. స్పీకరు, మందు సంగతిలో మీ మాటే నా మాట. అలిపిరి దగ్గర సామాను తనిఖీ చేసినట్టే పాపవినాశనం గేటు దగ్గర కూడా చేయాలి. పట్టుబడితే ఆ మనిషికి మళ్లీ అనుమతి ఇవ్వకూడదు.

మంగాపురం అన్నా, చిన్న బ్యాచ్ చిన్నగా మిగలదన్నారు. పక్క రాష్ట్రాల్లో ఏం జరిగిందో చూద్దాం. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లిన బృందం కార్చిచ్చులో చిక్కుకుని ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత తమిళనాడు శాశ్వతంగా తాళం వేసి కూర్చోలేదు. 2024 అక్టోబరులో 40 దారులను గుర్తించి, శిక్షణ పొందిన స్థానిక గైడ్లతో, ఆన్‌లైన్ బుకింగుతో తెరిచింది. కర్ణాటకలో 2024 జనవరిలో కుమారపర్వతం మీద వేలమంది ఒకేసారి పడ్డారు. ఆ ఫొటోలు చూసి ప్రభుత్వం ట్రెక్కులు ఆపేసి, రోజుకు ఇంతమందే అని లెక్క పెట్టి, బుకింగు ఉన్నవాళ్లనే రానిచ్చింది. అంటే లెక్క లేని చోట జనం పెరిగారు, లెక్క పెట్టాక ఆగారు. మనకు మాత్రం ఎందుకు చేతకాదు?

మన దగ్గరే తలకోన ఉంది. 270 అడుగుల జలపాతం, అడవి మీదుగా వేలాడే వంతెన. అక్కడ నెరబైలు వనసంరక్షణ సమితి వాళ్లు పనిచేస్తున్నారు. ఆ ఆదాయం ఊరికి దక్కితే ఆ ఊరివాళ్లే అడవికి కాపలా అవుతారు. మామండూరు, కుక్కలదొడ్డి వైపు కుర్రాళ్లకు కొండ అరచేతిలో గీతలా తెలుసు. అలాంటివాళ్లలో కొందరిని దుంగల ముఠాలు కూలికి పిలుస్తున్నాయి. గైడు జీతం ఇస్తే అటు ఎందుకు పోతారు? అదే వైపు నుంచి తిరుమల కొండ మీది పార్వేట మండపం దాకా అన్నమయ్య నడిచిన పాత దారి ఉంది. నా మట్టుకు నాకు తుంబురు కన్నా ముందు ఆ దారినే పద్ధతిగా తెరవాలని ఉంది. అది కోన కాదు, మడుగులు తక్కువ, వానొస్తే వరద ముంచే భయం తక్కువ.

వనజ గారు చెప్పిన షరతు నాకు నూరుపాళ్లు సమ్మతం.


మంగాపురం వాసి:

తమ్ముడూ, అన్నమయ్య దారి మీద నీతో వాదించను. అది మనుషులు నడిచి చేసిన దారి, మనుషులు నడవొచ్చు. పొద్దున్నే బయల్దేరి, మధ్యాహ్నం రెండింటికల్లా పైకి చేరేట్టు, పిల్లలు లేకుండా. వాచరు ఒకడు ముందు, ఒకడు వెనక. ఏనుగుల జాడ ఉందని రేంజరు చెబితే ఆ రోజు రద్దు, డబ్బు వాపసు. ఇవి ఉంటే నేనే వచ్చి నిలబడతా.

కోనలు మాత్రం వద్దు. మీరంతా మనుషుల లెక్క చెబుతున్నారు. రోజుకు ఇరవైమంది, మూడు నెలలు అంటే ఆ ఇరుకు కోనలో పద్దెనిమిది వందల జతల కాళ్లు. కోనలో దారిని పక్కకు జరపడానికి చోటేదీ? అటు గోడ, ఇటు గోడ, మధ్యలో నీళ్లు. వనజ అక్క చెప్పిన షరతు మైదానంలో కుదురుతుంది, తుంబురులో కుదరదు. బల్లి గుడ్లున్నది ఆ గోడలకే. ముక్కోటి నాడు జనం వస్తారు, ఒక్కరోజులో పోతారు, మిగతా ఏడాది కోన తేరుకుంటుంది. రోజూ వస్తే తేరుకునేది ఎప్పుడు?

ఇంకొకటి. 2021 నవంబరు వానలకు శ్రీవారిమెట్టు దారి ఎలా కొట్టుకుపోయిందో కళ్లారా చూశాను. సిమెంటు మెట్లే లేచిపోయాయి. మళ్లీ తెరవడానికి నెలలు పట్టింది. నువ్వు చెప్పే నవంబరులోనే ఆ వరద వచ్చింది. ఆ రోజు తుంబురు కోనలో ఒక బ్యాచ్ ఉండుంటే?


వనజ_బోటనీ:

కోన ఇరుకు గురించి మంగాపురం గారు చెప్పింది బలమైన మాట. గుడ్లు పెట్టే చోట్లు ఏ గోడల మీద ఎంతవరకు ఉన్నాయో లెక్క తీయకుండా తుంబురు తెరవకూడదు. ఆ లెక్క తీయడానికే రెండు మూడు సీజన్లు పడుతుంది. ఈలోపు అన్నమయ్య దారి ఒక్కటి మొదలుపెట్టి చూడొచ్చు.

తంబరం గారూ, మీకు వచ్చిన ఆ ట్రాక్‌లను దయచేసి ఎవరికీ పంపకండి. ఇక్కడ కూడా పెట్టకండి.


తంబరం తెలుగోడు:

తీసేశాను. గ్రూపులో కూడా తీయమని చెప్పాను. ఇద్దరు ఒప్పుకోలేదు, వాళ్లతో మాట్లాడుతున్నా.


దారిబత్తెం:

అన్నా, వరద మాట నిజమే. కోనల విషయంలో నవంబరు వదిలేసి డిసెంబరు చివర నుంచి అనుకుందాం, అదీ వనజ గారు చెప్పిన లెక్క తేలాకే. కానీ "ఎప్పటికీ వద్దు" అన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోను. వెంగమాంబ కూర్చున్న గుహను మా పిల్లలు ఫొటోలోనే చూడాలనడం న్యాయం కాదు.

అన్నమయ్య దారికి రోజువారీ పరిమితి, వేళలు, ఏనుగుల షరతు, గైడు జీతం, ఇవన్నీ కలిపి అటవీశాఖకు, దేవస్థానానికి ఒక వినతిపత్రం రాస్తున్నాను. తుంబురును అందులో కలపడం లేదు. మంగాపురం అన్నా, కింద ఊళ్ల తరఫున నువ్వు సంతకం పెడతావా?


మంగాపురం వాసి:

ముందు చదవనీ. ఏనుగుల షరతు మొదటి పేజీలో ఉంటే పెడతా.