ఐడహో కొండల్లోని గడ్డి స్ట్రిప్పులకు సిరస్, మూనీ తీసుకెళ్ళడం సబబేనా?

లోయదారి

ప్రతి వేసవిలోనూ లేచే గొడవే ఇది. అమెరికాలోని ఐడహో కొండల్లో జాన్సన్ క్రీక్ అనే గడ్డి రన్‌వే (స్ట్రిప్పు) మీద, వేగంగా పోయే చిన్న విమానం సిరస్ ఎస్ఆర్22 దిగిన వీడియో ఒకటి వస్తుంది. "3,400 అడుగుల గడ్డి ఉంది, సెస్నా 172 దిగే చోట సిరస్ దిగితే తప్పేంటి" అని కొందరు, "అది తారు రన్‌వే కోసం పుట్టిన విమానం" అని కొందరు మొదలుపెడతారు.

నా మట్టుకు నాకు చాలా సందర్భాల్లో అది తప్పే. దిగలేదని కాదు. దిగుతుంది. లెక్కంతా దిగడం దగ్గరే ఆపేస్తున్నారు, అదీ నా అభ్యంతరం.

ముందు దిగడమే చూద్దాం. పొట్టి రన్‌వేకి దిగేముందు చివరి వరుసలో (ఫైనల్) సెస్నా 172ఎస్ వేగం 61 నాట్స్, పూర్తి బరువు 2,550 పౌండ్లు. ఎస్ఆర్22 ఫైనల్ సుమారు 77 నాట్స్, కొత్త మోడళ్ళ బరువు 3,600 పౌండ్లు. వేగం వర్గంలో లెక్కకొస్తుంది కాబట్టి, పూర్తి బరువుతో వస్తే సిరస్ మోసుకొచ్చే శక్తి 172 కన్నా దాదాపు రెండుంపావు రెట్లు. ఆ శక్తినంతా గడ్డి మీద చిన్న టైర్లు, చిన్న బ్రేకులే మింగాలి. పైగా జాన్సన్ క్రీక్ ఎత్తు 4,900 అడుగుల పైచిలుకు. జూలై మధ్యాహ్నం 30 డిగ్రీలుంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని బట్టి విమానానికి తెలిసే ఎత్తు) 8,000 అడుగుల దగ్గరికి పోతుంది. అక్కడ మీటరు 77 చూపిస్తున్నా అసలు వేగం 87. నేల తాకేటప్పటి శక్తి సముద్రమట్టంతో పోలిస్తే పాతిక శాతం పైనే ఎక్కువ.

నీలిరెక్క

లోయదారి గారూ, అంకెలతో పేచీ లేదు. "అనర్హమైన విమానం" అని ఒక ముద్ర కొట్టి అన్ని స్ట్రిప్పులనూ ఒకే గాటన కట్టడం దగ్గరే నా పేచీ. జాన్సన్ క్రీక్ పొడవుగా, వెడల్పుగా ఉంటుంది, గడ్డి బాగా చూసుకుంటారు. స్మైలీ క్రీక్ 7,100 అడుగుల పైన ఉన్నా అక్కడ 4,900 అడుగుల గడ్డి ఉంది, లోయ విశాలం. వీటినీ మైల్ హైనీ కలిపి మాట్లాడితే ఎలా? మైల్ హై కొండ వాలు మీద అతికించినట్టుండే పొట్టి స్ట్రిప్పు. దిగేది ఒకవైపు, ఎగిరేది ఇంకోవైపు. అక్కడికి సిరస్ తీసుకెళ్తాననేవాళ్ళను నేనూ వెనకేసుకు రాను.

బొనాంజా సంగతి చూడండి. అదీ వేగంగా పోయే చిన్న విమానమే, కానీ చక్రాల కాళ్ళు గట్టివి, ఈ స్ట్రిప్పులకు ఎన్నో ఏళ్ళుగా వస్తూనే ఉంది. ఇక ఎస్ఆర్22టీకి టర్బో ఉంది, 8,000 అడుగుల దగ్గర కూడా 315 హార్స్‌పవర్ తగ్గదు. అక్కడ మామూలు ఇంజిన్ ఉన్న 172కి మిగిలేది ముప్పావు వంతు. మరి ఎగిరే లెక్కలో అనర్హత ఎవరిది?

రెంచి

వేగం, పొడవు సరే. నేలను ముట్టుకునే భాగాల గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను.

నోస్ వీల్ (ముక్కు కింద చక్రం) ఉన్న విమానానికి ప్రొపెల్లర్ కొనకూ నేలకూ మధ్య కనీసం 7 అంగుళాలు ఉండాలని అమెరికా ధ్రువీకరణ నిబంధనల్లో రాసుండేది. టెయిల్ వీల్ (తోక కింద చక్రం) ఉన్నదానికి 9. టైరు పూర్తిగా దిగిపోయి, స్ట్రట్ (చక్రం కాలిలోని షాక్) అడుగంటినా కొన నేలకు తగలకూడదనీ ఉండేది. ఆ లెక్క వేసింది చదునైన నేల మీద. గడ్డి కింద నేల ఉడుత తవ్విన 4 అంగుళాల గుంతలో ముందు చక్రం పడి, అదే క్షణంలో బ్రేకు వల్ల ముక్కు వంగి స్ట్రట్ 2, 3 అంగుళాలు కిందికి పోతే ఆ 7 అంగుళాలూ ఖర్చైపోయినట్టే. ప్రొపెల్లర్ నేలకు తగిలిందంటే ఇంజిన్ విప్పి క్రాంక్‌షాఫ్ట్ చూడాలి. రోడ్డు లేని లోయలో ఆ పని ఎక్కడ చేస్తారు?

సిరస్‌తో ఇంకో తంటా. ముందు చక్రం పెడల్స్‌తో తిరగదు, స్వేచ్ఛగా తిరిగే క్యాస్టర్ అది. రడ్డర్‌కి (తోక మీది చుక్కానికి) గాలి పట్టేదాకా దారి తిప్పాలంటే ఒకవైపు బ్రేకు తొక్కాల్సిందే. మెత్తని గడ్డి మీద, పక్కగాలిలో టేకాఫ్ పరుగు మొదలుపెడితే ఒక బ్రేకు రాసుకుంటూనే వేగం పెంచాలి. టేకాఫ్ దూరాల చార్టులో ఆ నష్టం లేదు. దిగాక గట్టిగా బ్రేకు వేసి, వెంటనే అదే బ్రేకులతో మలుపులు తిప్పుతూ పార్కింగ్‌కి వస్తే కాలిపర్ సీళ్ళు మాడతాయి, ద్రవం కారుతుంది. కారిన ద్రవం వేడి డిస్కు మీద, వీల్ ప్యాంట్స్ (చక్రాల తొడుగులు) లోపల. అందులో గడ్డి కూడా ఇరుక్కుని ఉంటే నిప్పుకి ఇంకేం కావాలి?

మూనీలో షాక్ స్ట్రట్ ఉండదు, రబ్బరు డిస్కులే. ఎగుడుదిగుడు నేల మీద కుదుపు అలాగే పైకి తంతుంది, కాళ్ళ తలుపులు గడ్డిని దువ్వుకుంటూ పోతాయి. ఇంట్లో కట్టుకునే ఆర్‌వీ-6ఏ, 7ఏ విమానాల ముందు కాలు సన్నం, గుంతలో ఫోర్క్ (చక్రాన్ని పట్టుకునే చీలిక) దిగబడితే కాలు వెనక్కి మడుచుకుని విమానం తిరగబడుతుంది. అందుకే తయారీదారు తర్వాత ఎత్తు పెంచిన ఫోర్క్ తెచ్చారు. సెస్నా 182నీ వదిలిపెట్టొద్దు. ముక్కు బరువు, ముందు చక్రం గట్టిగా కొడితే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) కింది భాగం ముడతపడుతుంది. రివెట్ల చుట్టూ పెయింట్ పగిలి నల్లటి పొడి రాలుతుంటే వెతకాల్సింది అక్కడే.

వెళ్ళి తీరాలంటే వీల్ ప్యాంట్స్ విప్పండి. టైరు గాలి మాత్రం మాన్యువల్లో ఉన్నంతే ఉంచండి. మెత్తగా ఉంటుందని తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వు కాండం తెగుతుంది.

లోయదారి

నీలిరెక్క గారు టర్బో అన్నారు. నిజమే, శక్తి తగ్గదు. కానీ రెక్కకు గాలి పలచనైంది పలచనైనట్టే ఉంటుంది. నేల విడిచేటప్పుడు ఉండాల్సిన అసలు వేగం అక్కడ పదమూడు శాతం ఎక్కువ, టర్బో ఉన్నా లేకపోయినా. ఆ వేగం దాకా పరిగెత్తేది ఆ చిన్న ముందు చక్రం మీదే.

172 అక్కణ్ణుంచి ఎగిరి బయటికి రావడం కూడా తేలికేం కాదు, అది ఒప్పుకుంటాను. నిమిషానికి 400 అడుగులు, 80 నాట్స్ నేల వేగం వేసుకోండి. 100 అడుగులు ఎక్కేలోపు 2,000 అడుగులు ముందుకు పోతారు. ఎదురుగా చెట్లున్న లోయలో ఆ వాలు సరిపోతుందో లేదో ముందే మ్యాపు మీద గీసుకోవాలి.

పొడవుకి నేను వాడేది బ్రిటిష్ సీఏఏ (అక్కడి పౌర విమానయాన సంస్థ) గుణకాలు. పొడి గడ్డి మీద టేకాఫ్‌కి 1.2, తడి గడ్డికి 1.3, ఆ పైన భద్రత కోసం 1.33. అన్నీ ఒకదాంతో ఒకటి గుణించాలి, కూడకూడదు. ఆ రోజు ఎత్తుకీ వేడికీ 50 అడుగుల ఎత్తు దాటడానికి విమానం పుస్తకం (మాన్యువల్) 2,000 అడుగులు చెప్పిందనుకోండి. పొడి గడ్డిపై 2,400, భద్రతతో 3,192. జాన్సన్ క్రీక్ 3,400 అడుగుల్లో సరిపోతుంది. తడి గడ్డైతే 3,458, సరిపోదు. పుస్తకం 2,000 అన్నప్పుడే ఇలా ఉంటే, నలుగురు మనుషులు, గుడారాలు, నిండు ట్యాంకులతో ఏమవుతుందో మీరే వేసుకోండి. పది శాతం బరువు పెరిగితే టేకాఫ్ దూరం ఇరవై శాతం పెరుగుతుంది.

తోకచక్రం

ఒక చిన్న మాట. సూపర్ కబ్ (టెయిల్ వీల్ ఉన్న తేలికపాటి విమానం), పెద్ద టైర్లు ఉంటే అన్నీ సరిపోతాయనే భ్రమ కూడా ఈ చర్చల్లోంచే పుడుతుంది. టెయిల్ వీల్ విమానం గుంతను ఓర్చుకుంటుంది గానీ పక్కగాలినీ, తొందరపాటు బ్రేకునీ ఓర్చుకోదు. గ్రౌండ్ లూప్‌లో (నేల మీద అదుపు తప్పి గిర్రున తిరిగి) రెక్క కొన విరిగినా, బ్రేకు ఎక్కువై ముక్కు మీద నిలబడినా, ఆ విమానమూ అదే లోయలో ఆగిపోతుంది.

నీలిరెక్క

రెంచి గారు చెప్పిన క్యాస్టర్ సంగతి నేను తూకంలో వేసుకోలేదు, అది బలమైన పాయింటే. అయినా ఒకటి అడుగుతాను. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వెళ్తే ఈ లెక్కల్లో సగం కరిగిపోవూ? పైగా సిరస్‌కి విమానాన్నే మోసే పారాచూట్ ఉంది. లోయలో ఇంజిన్ ఆగితే 182కి లేని దారి అది.

కొండగాలి

పొద్దున్నే వెళ్ళమనే సలహా సగమే నిజమండీ. తెల్లవారుజామున గాలి ఉండదు, వేడి ఉండదు. కానీ లోయ అడుగున గడ్డి మంచుకి తడిసి ఉంటుంది. అదే సీఏఏ లెక్కలో తడి గడ్డి మీద దిగడానికి దూరం 1.35 రెట్లు, పొట్టిగా కోసిన తడి గడ్డయితే 1.6 దాకా పోవచ్చు. చక్కగా కోసిన పచ్చటి స్ట్రిప్పు చూసి మురిసిపోతాం గానీ బ్రేకు పట్టనిది అక్కడే. బ్రేకుల మీదే ఆధారపడే బరువైన విమానానికి అది మరీ చెడ్డ వేళ. ఎగరడానికి మాత్రం అదే మంచి వేళ. చల్లదనంతో వచ్చే లాభం తడి వల్ల వచ్చే నష్టాన్ని చాలాసార్లు మించుతుంది. కాబట్టి వచ్చేది ఎండ తగిలి గడ్డి ఆరాక, లోయ గాలి లేవకముందు. పోయేది మర్నాడు పొద్దున. మధ్యాహ్నానికి గాలి లోయ ఎగువకు మళ్ళుతుంది. జాన్సన్ క్రీక్‌లో ఎగువకు దిగి దిగువకు ఎగరడం వాడుక కాబట్టి అది ఎగిరేటప్పుడు ఎదురుగాలే గానీ దిగేటప్పుడు వెనకగాలి. సెస్నా పుస్తకం ప్రకారం ప్రతి 2 నాట్స్ వెనకగాలికీ దూరం పది శాతం పెంచుకోవాలి.

పారాచూట్ గురించి: నేలకు సుమారు 600 అడుగుల లోపు దాన్ని లెక్కలో పెట్టుకోకూడదు. ఫైనల్, గో-అరౌండ్ (దిగడం మానుకుని మళ్ళీ పైకి పోవడం), టేకాఫ్ తర్వాతి మొదటి నిమిషం, మీకు అవసరం పడేవన్నీ ఆ ఎత్తులోనే.

అసలు ఎవరూ మాట్లాడనిది మలుపు. 30 డిగ్రీల వాలుతో 90 నాట్స్ అసలు వేగంలో వెనక్కి తిరగడానికి 2,500 అడుగుల వెడల్పు కావాలి. 120లో అదే 4,400. లోయలోకి వేగంగా దూరి, ఆపైన తగ్గించుకుందాం అనుకునే అలవాటు సిరస్, మూనీ నడిపేవాళ్ళలో ఎక్కువ. ఎందుకంటే ఆ రెక్క తొందరగా వేగం వదలదు. లోయ మొదట్లోకి రాకముందే 90కి తగ్గి, సగం ఫ్లాప్స్ (రెక్క వెనక పలకలు) దించి, ఒక పక్క గోడకు దగ్గరగా ఎగరాలి, తిరగడానికి మొత్తం వెడల్పు చేతిలో ఉండేలా. ఇది పాటిస్తే విమానం పేరు మీద నాకు అంత పట్టింపు లేదు.

పచ్చికమేర

విమానం నష్టం యజమానిది, పోనీ అనుకోవచ్చు. స్ట్రిప్పు నష్టం అందరిదీ. 1980 నాటి సెంట్రల్ ఐడహో వైల్డర్‌నెస్ (రక్షిత అడవి) చట్టంలో, అప్పటికి వాడుకలో ఉన్న స్ట్రిప్పులను రాష్ట్రం రాతపూర్వకంగా ఒప్పుకోనిదే శాశ్వతంగా మూయకూడదని ఉంది. మూయడానికి మిగిల్చిన కారణం ఒక్కటే, విమానాలకు తీవ్రమైన ప్రమాదం. విమానం విరిగిన ప్రతిసారీ ఆ ఒక్క కారణానికి మనమే సాక్ష్యం రాసిచ్చినట్టు. మైల్ హై, వైన్స్, డ్యూయీ మూర్, సైమండ్స్, ఈ నాలుగు స్ట్రిప్పులూ అత్యవసరానికే అని అటవీశాఖ చెప్పింది, వాటి చుట్టూ తగాదా నడిచింది.

వైల్డర్‌నెస్ లోపల విరిగిన విమానాన్ని తీయడం కూడా తేలిక కాదు. ట్రక్కు రాదు, మోటారు పనిముట్లకు అనుమతి కావాలి, చివరికి విప్పి హెలికాప్టర్‌కి వేలాడదీయాలి. జాన్సన్ క్రీక్ వైల్డర్‌నెస్‌లో లేదు, రోడ్డు ఉంది. అందుకే అక్కడ చేసిన ధైర్యాన్ని లోపలి స్ట్రిప్పులకు కొలమానంగా పెట్టుకోవద్దంటాను.

నీలిరెక్క

సరే, నా వాదన ఇలా కుదిస్తాను. జాన్సన్ క్రీక్, స్మైలీ క్రీక్ వరకు సిరస్‌ని నిషేధించాలనే మాట నేను ఒప్పుకోను. పొడి గడ్డి, ఇద్దరు మనుషులు, సగం ఇంధనం, ప్యాంట్స్ విప్పి, గుణకాలన్నీ వేశాక పడితే పోవచ్చు. లోపలి స్ట్రిప్పుల విషయంలో మీతోనే ఉన్నాను.

లోయదారి

ఆ షరతులన్నీ నిజంగా పాటించేవాళ్ళతో నాకు గొడవ లేదు. ఒకటి చేర్చండి. టేకాఫ్‌కి ముందు స్ట్రిప్పు సగం దగ్గర గుర్తు పెట్టుకోండి, చెట్టో కంచె స్తంభమో. అక్కడికొచ్చేసరికి ఎగిరే వేగంలో 70 శాతం రాకపోతే పవర్ తీసెయ్యాలి. ఆ గుర్తు దాటాక ఆలోచించడం మొదలుపెడితే ఆగడానికి చోటుండదు, తడి గడ్డయితే ఇంకా ముందే వదలాలి.

నలుగురితో, సామానుతో వచ్చేవాళ్ళయితే సిరస్‌ని మెక్‌కాల్ ఊరి విమానాశ్రయంలో పెట్టేయండి. అక్కడ 6,000 అడుగుల పైన తారు ఉంది, కొండ లోయల్లో ఎగరడం నేర్పేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో ఒక సెస్నా 182లోనో 206లోనో ఎక్కి లోపలికి వెళ్ళండి.