అప్‌డేట్: పైపు కోయకుండానే ఫ్లోమీటర్ లెక్క తేలింది

పోయిన నెల అడిగాను: రాయగడ దగ్గర మా ప్లాంటుకి నీళ్ళు తెచ్చే 600 మి.మీ. పైపు మీద ఫ్లోమీటర్ నీటి ప్రవాహాన్ని ఎక్కువ చూపిస్తోందని అనుమానం, నీళ్ళు ఆపకుండా సరిచూడడం ఎలా అని. రేడియోట్రేసర్ (నీళ్ళతో పాటు కదిలే కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం, పైపు బయటినుంచే పసిగట్టొచ్చు) పెట్టించమన్న అన్నలందరికీ థ్యాంక్స్. పని అయింది.

బ్రోమిన్-82 వాడారు. పైపుకి ముందే ఉన్న ట్యాపింగ్ (లోపలికి దారి ఇచ్చే చిన్న రంధ్రం) లోంచి కొద్దిపాటి ద్రావణం ఒక్క ఊపున లోపలికి పంపారు. అది నీళ్ళలో బాగా కలవడానికి 60 మీటర్లు వదిలేసి, ఆ తర్వాత పైపు బయట 30 మీటర్ల ఎడంలో రెండు డిటెక్టర్లు కట్టారు. మొదటి దాన్నుంచి రెండో దానికి 20 సెకన్లు. అంటే సెకనుకి 1.5 మీటర్లు, గంటకి సుమారు 1,527 ఘనపు మీటర్లు. మీటరేమో 1,640 అంటోంది.

నేను అక్కడితో రిపోర్టు రాసేసేవాణ్ణే. వచ్చిన ఇంజనీరుగారు ఆపారు: "లోపలి వ్యాసం కొలిచారా?" పోయిన షట్‌డౌన్‌లో విప్పిన ముక్క యార్డులో ఉంటే చూశాం. లోపల చుట్టూ 6 మి.మీ. గార పేరుకుంది! వ్యాసం 588 అయితే ప్రవాహం 1,466కి దిగింది. వ్యాసంలో ఒక శాతం తప్పు ప్రవాహంలో రెండు శాతం అవుతుంది, ఇది మాత్రం మర్చిపోకండి.

మా ఆవిడ రేడియేషన్ అని చాలా టెన్షన్ పడింది. బ్రోమిన్-82 అర్ధాయువు (సగానికి తరగడానికి పట్టే సమయం) 35 గంటలే, పదిహేను రోజుల్లో వెయ్యో వంతుకి పడిపోతుందని చెప్పాక కుదుటపడింది.

గార తీయించాక మళ్ళీ కొలిపిస్తాం. ఆ అంకెలు కూడా ఇక్కడే పెడతాను.