రెస్పిరేటరీ థెరపిస్ట్‌ని తెలుగులో ఏమనాలి?

నిన్న ఒకరు ఈ ప్రశ్న అడిగితే కింద ఇంకొకరు "ఉచ్ఛ్వాస చికిత్సకుడు" అని పెట్టారు. ఊపిరాడని పేషెంట్లకి ఆక్సిజన్, వెంటిలేటర్ చూసుకునే ఆ పనే నేను ఐసీయూలో చేసేది కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మన బడి పుస్తకాల్లో ఉచ్ఛ్వాసం అంటే గాలి పీల్చడం, నిశ్వాసం అంటే వదలడం. ఇంగ్లీషులో మా వృత్తికి మొదట్లో ఉన్న పేరు కూడా అచ్చం ఇదే, ఇన్‌హలేషన్ థెరపీ. 1940ల్లో అమెరికా ఆస్పత్రుల్లో ఆక్సిజన్ సిలిండర్లు దొర్లించుకెళ్లి మంచం పక్కన బిగించే కుర్రాళ్లు ఉండేవాళ్లు, దానికంటూ ఒక చదువు లేదు, చేస్తూ నేర్చుకోవడమే. 1943లో షికాగో మైకేల్ రీస్ ఆస్పత్రిలో ఎడ్విన్ లెవీన్ అనే డాక్టరు అలాంటివాళ్లకి ట్రైనింగ్ ఇవ్వడం మొదలుపెట్టారు, 1947లో అదే ఊళ్లో ఇన్‌హలేషనల్ థెరపీ అసోసియేషన్ రిజిస్టరైంది, 1960కల్లా పరీక్ష రాసి పాసైతేనే రిజిస్టర్డ్ అనిపించుకునే పద్ధతి వచ్చింది. పీల్చుకునేది అందించడమే అప్పటి పని, పేరూ దానికి తగ్గట్టే పెట్టుకున్నారు.

ఈలోపు పనే మారిపోయింది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో వచ్చి ఊపిరి కండరాలు పడిపోయిన పిల్లలకి, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు ఇచ్చే డాక్టరు గొంతులో గొట్టం వేయించి చేత్తో గాలి బ్యాగు నొక్కించారు, సుమారు 1500 మంది మెడికల్ స్టూడెంట్లు షిఫ్టులేసుకుని వారాల తరబడి నొక్కారు. ఆ చేతుల పని తర్వాత వెంటిలేటర్ మిషన్లకి వచ్చింది. గాలి లోపలికి వెళ్లడం ఒక్కటే చూస్తే చాలదు కదా, బయటికి సరిగ్గా వస్తోందా, లోపల ఇరుక్కుంటోందా, మిషన్ నుంచి మనిషిని ఎప్పుడు విడిపించాలి, ఇవన్నీ మా నెత్తిన పడ్డాయి. అందుకే 1970ల్లో రెస్పిరేటరీ థెరపీ అని, 80ల్లో రెస్పిరేటరీ కేర్ అని ఆ సంఘం పేరే మార్చుకుంది. వాళ్లు యాభై ఏళ్ల కింద వదిలేసిన సగం పేరుని మనం ఇప్పుడు తెచ్చిపెట్టుకోవడం ఎందుకండీ?

నాకైతే ఊపిరి అనే మాట కావాలి. చిన్నయసూరి ద్విరుక్త టకార సంధి చిన్నప్పుడు బట్టీ పట్టాం గుర్తుందా, కుఱు చిఱు కడు నడు నిడు. నిడు + ఊర్పు = నిట్టూర్పు, పొడుగు ఊపిరి. కుఱు + ఉసురు = కుట్టుసురు, కాస్తే మిగిలిన ప్రాణం. ఊపిరినీ ప్రాణాన్నీ పొడుగు పొట్టి లెక్కన కొలిచిన భాష మనది, నేను డ్యూటీలో రోజంతా కొలిచేదీ అదే.

జవాబు: అన్నా బాగా రాసినవ్. మా దిక్కు ఆయాసం అనరు, "దమ్మొస్తుంది" అంటరు. మా నాయనమ్మ నాలుగు మెట్లెక్కి నడుం పట్టుకుని "దమ్మాడ్తలేదు బిడ్డా" అనేది. దమ్మంటే పార్సీలో ఊపిరే, దమ్ముంటే రా అన్నా ఆ దమ్మే.

నా జవాబు: నిజం తమ్ముడూ, ఈ మాట తెలియక నేనూ మొదట్లో తడబడ్డా. కోస్తా నుంచి కొత్తగా హైదరాబాద్ వచ్చినప్పుడు ఒక పెద్దాయన "దమ్ము, దమ్ము" అంటుంటే సిగరెట్ అడుగుతున్నాడేమో అనుకున్నా, వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజన్ 84 శాతానికి పడిపోయి ఉంది. మా వైపు "ఎగపోస్తోంది" అంటారు. కోర్సులో ఇంగ్లీషు పేర్లన్నీ నేర్పారు గానీ ఈ మాటలు ఎవరూ చెప్పలేదు, పేషెంటు నోట్లోంచి ముందు వచ్చేవి ఇవే. పేరు సంగతికొస్తే "ఊపిరి చికిత్సకులు" అందాం, ఆడవాళ్లకీ మగవాళ్లకీ సరిపోతుంది. పేషెంట్లు మాత్రం నన్ను "గాలి పెట్టే బాబూ" అనే పిలుస్తారు, దానికి నేను పలుకుతూనే ఉంటా.