అమ్మానాన్నలతో అలాస్కా క్రూజ్: పెద్ద షిప్పా, చిన్న షిప్పా?

జూన్‌లో ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. వాళ్లకి అలాస్కా హిమనదాలు చూపించాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. సియాటిల్ నుంచి బయల్దేరే పెద్ద షిప్పులో లిఫ్టులు, డాక్టరు, రకరకాల భోజనం ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మకి అదే సుఖం. కానీ వేలమంది జనం! వందమంది లోపు ఎక్కే చిన్న షిప్పయితే ఇరుకు పాయల్లోకి వెళ్తుంది, తిమింగలం కనిపిస్తే ఆగుతుంది. నాన్నకి అలాంటివంటే ప్రాణం. అయితే అందులో కయాకింగ్ (తెడ్డుతో చిన్న పడవ నడపడం), నడకలే ఎక్కువ, ఖర్చూ ఎక్కువే.

సియాటిల్ షిప్పులు మామూలుగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి కాబట్టి వాళ్లకి కెనడా వీసా కూడా తీయాలి, ఆ టెన్షన్ వేరే.

పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు దయచేసి చెప్పండి. హిమనదాలుండే అలాస్కా జాతీయ పార్కు గ్లేసియర్ బేకి వెళ్లే పెద్ద షిప్పులో బాల్కనీ గది తీసుకుంటే నాన్నకి తృప్తిగా ఉంటుందా? అమ్మకి శాకాహారం, పెరుగన్నం దొరుకుతాయా?