కొత్త పీఎస్5 పక్కన పాత మోడళ్లకు రేటు ఎంత పెట్టాలి?

హన్మకొండ గేమ్స్ షాపు:
అన్నలూ, ఒక సలహా కావాలి. నాది ప్లేస్టేషన్ (పీఎస్) గేమ్ మెషీన్ల చిన్న షాపు, సీల్ వేసినవీ సెకండ్ హ్యాండువీ రెండూ అమ్ముతా. ఇప్పుడు షెల్ఫులో కొత్త పీఎస్5 స్లిమ్ పక్కనే పాత లావు పీఎస్5 డిస్క్ మోడల్ 42 వేలు, పీఎస్4 ప్రో 26 వేలు, పీఎస్4 స్లిమ్ 21 వేలు అని రాసి పెట్టిన. నయీంనగర్ హాస్టళ్ల పిల్లలు వచ్చి అన్నీ తిప్పి తిప్పి చూసి "ఇంకో ఏడాది ఆగితే కొత్తదే తగ్గుతది కదా అన్నా" అని వెళ్లిపోతున్నారు. దసరా లోపు పాతవి కదలాలి. ప్రో మీద నా పెట్టుబడే 22 వేలు, అంతకంటే దిగలేను. ఏం చేయాలి?

కాజీపేట జంక్షన్:
ఆగితే తగ్గుతుందనేది పాత రోజుల లెక్క, ఆ పిల్లలకు విడమరిచి చెప్పు. 2006లో అమెరికాలో పీఎస్3 499 డాలర్లకు దిగినప్పుడు పీఎస్2ను పక్కనే 129కి అమ్మారు, 2009లో 99 చేశారు, ఎందుకంటే అప్పట్లో చిప్పు చిన్నదయ్యే కొద్దీ తయారీ ఖర్చు బాగా పడిపోయేది. ఇప్పుడు అంత మిగలడం లేదు. మన దగ్గర పీఎస్5 డిస్క్ మోడల్ 2021 ఫిబ్రవరిలో 49,990కి వచ్చింది, 2022 నవంబర్లో 54,990 అయింది, 2024లో స్లిమ్ కూడా అదే రేటుకు దిగింది. అమెరికాలోనైతే నింటెండో గేమ్ మెషీన్ స్విచ్ 2 వచ్చిన రెండు నెలలకే పాత స్విచ్‌ను 299.99 నుంచి 339.99 డాలర్లకు పెంచారు. కాబట్టి భయపడి పాతవాటి రేటు కొట్టేయకు.

కరీంనగర్ రిపేర్:
జంక్షన్ అన్న చెప్పింది పీఎస్5 వరకు కరెక్టే, పీఎస్4కు మాత్రం ఆ లెక్క నడవదు. జీటీఏ 6 గేమ్ పీఎస్5కు, మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ సిరీస్‌కే అని ప్రకటించారు, పీఎస్4కు లేదు. ఫుట్‌బాల్ ఎఫ్‌సీ 26 ఇంకా పీఎస్4కు వచ్చింది గానీ అలాంటివి తగ్గిపోతున్నాయి. తమ్మీ, నువ్వు 22 వేలకు కొన్నావన్నది కొనేవాడికి అనవసరం. వాడు చూసేది ఇంకొంచెం వేస్తే ఏమొస్తుందని. డిస్క్ డ్రైవ్ లేని పీఎస్5 డిజిటల్ స్లిమ్ 2024లో 44,990కి దిగింది, ఆ రేటు పక్కన నువ్వు లావు పీఎస్5కు 42 అంటే మూడు వేల తేడాకు వారంటీ ఎవడు వదులుకుంటాడు? దాన్ని 36కి తే. దానికి డిస్క్ డ్రైవ్ ఉంది, పీఎస్4 డిస్కులు కూడా ఆడతాయి, ఆ మాట గట్టిగా చెప్పు. ప్రో 19, పీఎస్4 స్లిమ్ 15 దాటితే కష్టం.

ఇంకోటి, ప్రోను అమ్మే ముందు విప్పి దుమ్ము తీసి చిప్పు మీద వేడి లాగే పేస్ట్ మార్చు. హెవీ గేమ్ పెట్టగానే ఫ్యాను హోరెత్తిందంటే ఎంత తగ్గించినా కస్టమర్ మళ్లీ రాడు. హెచ్‌డీఎంఐ పోర్టులో కేబుల్ కాస్త కదిపి చూడు, బొమ్మ పోతే ముందు అది బాగుచేయి.

హన్మకొండ గేమ్స్ షాపు:
ప్రో మీద మూడు వేలు పోవాల్సిందేనా అన్నా?

కరీంనగర్ రిపేర్:
ఎందుకు పోవాలి, డిస్కులతో కలిపి అమ్ము. షాపులో పడి ఉన్న క్రికెట్, ఫుట్‌బాల్ పాత డిస్కులు మూడు, రెండో కంట్రోలర్ కలిపి 23 అని చెప్పు. హాస్టల్ పిల్లలకు కావాల్సింది ఇద్దరు కూర్చుని ఆడటమే. కంట్రోలర్ స్టిక్ దానంతట అదే జరుగుతుందేమో మాత్రం వాళ్ల ముందే చూపించు. ఎక్స్ఛేంజ్‌కు వచ్చే పీఎస్4 స్లిమ్‌లను ఇక 11 వేలకు మించి తీసుకోకు.