‘గివ్ అప్’కు తెలుగు, వేమన పద్యంలో ఒక అక్షరం

అనువాదకురాలు:
ఒక ఇంగ్లీషు కథ తెలుగు చేస్తున్నాను. రెండు పేజీల్లో ‘గివ్ అప్’ నాలుగుసార్లు వచ్చింది. తండ్రి సిగరెట్లు మానేసిన చోట, డాక్టర్లు ఆయన మీద ఆశ వదులుకున్న చోట, బస్సులో ఓ కుర్రాడు లేచి కూతురికి సీటిచ్చిన చోట. చివర్లో మంచం మీది తండ్రి పొడుపుకథ వేస్తే, కూతురు విప్పలేక ‘ఐ గివ్ అప్’ అంటుంది. అక్కడికొచ్చేసరికి ముందరి మూడూ ఒక్కసారిగా మోగాలి. నా తెలుగులో అర్థాలు నాలుగూ కుదిరాయి, మోత పోయింది. నిన్నటినుంచి వేమన పాదం ఒకటి వెంటపడుతోంది: ‘పట్టి విడుచుట కన్న...’ ఆపైన చచ్చుటే మేలు అని గుర్తు. ఆ ‘విడుచు’తో నాలుగు చోట్లా నడిపించవచ్చా?

ఛందోభిమాని:
‘పట్టి విడుచుకన్న పడి చచ్చుటే మేలు’. ‘విడుచుట’ అంటే ఒక లఘువు, అంటే పొట్టి అక్షరం, ఎక్కువై గణం చెడుతుంది. పట్టి, విడుచు, కన్న. మూడు సూర్యగణాలు అక్కడికి సరి.

పాత పంతులు:
నాకు నోటికొచ్చిన పాఠం ‘పట్టు విడుటకన్న’. దానికీ గణాలు సరిపోతాయి. మీ ప్రశ్నకు జవాబు ఆ ‘టి’, ‘టు’ల మధ్యే ఉందమ్మా. పట్టి విడవడమంటే మొదలుపెట్టిన పని మధ్యలో మానడం. పట్టు విడవడమంటే ఎదుటివాడికి తగ్గడం. ఇంగ్లీషువాళ్లు రెండింటినీ ‘గివ్ అప్’లోనే సర్దేశారు. వేమన ఏదో ఒకటే అని ఉంటాడు.

ఛందోభిమాని:
మొదటి పాదం చూడండి మాస్టారూ. ‘పట్టుపట్టరాదు పట్టి విడువరాదు’. విడవడం అన్న మాట వచ్చినచోట దాని ముందున్నది ‘పట్టి’. మూడో పాదం దాన్నే అందుకుంటోంది.

పాత పంతులు:
అదే పాదం ‘పట్టు’తో మొదలైంది కదా. పట్టు పట్టినవాడు విడిచేది పట్టునే.

తాటాకు:
ఛందస్సు దీన్ని తేల్చదు. ‘టి’ అన్నా ‘టు’ అన్నా లఘువే, యతి కూడా కదలదు. వేమన తన చేత్తో రాసిన ప్రతి మనకు లేదు. బ్రౌన్ దొర 1829లో పద్యాలు అచ్చువేయించేనాటికే అవి ఎన్నో నోళ్లలో, ఎన్నో తాళపత్రాల్లో నలిగి ఉన్నాయి. రెండు పాఠాలూ జనం నోట బతికినవే.

వార్తల బల్ల:
‘విడుచు’ సంగతి నేను చెబుతాను, రోజూ దానితోనే పని. తుదిశ్వాస విడిచారు అని రాస్తాం. పార్టీని వీడారు, చిక్కుముడి వీడింది అనీ రాస్తాం. బట్టలు విడిస్తే ఇంగ్లీషులో ‘టేక్ ఆఫ్’, ఊపిరి విడిస్తే ‘బ్రీత్ అవుట్’, చెయ్యి విడిస్తే ‘లెట్ గో’. మన మాట ఒక్కదానికి వాళ్లకు మూడు కావాలి. కానీ సిగరెట్లు విడిచాడని నేనెక్కడా వినలేదు. అక్కడ మానడమే. ‘మాను’ ఎంత మంచి మాటో చూడండి: అలవాటు మానుతుంది, గాయమూ మానుతుంది.

క్రియల పిచ్చి:
అందరూ ధాతువు కోసం వెతుకుతున్నారు, నేను తోక చూడమంటాను. ‘గివ్ అప్’లో ‘అప్’ అంటే పైకి కాదు. ‘ఈట్ అప్’, ‘యూజ్ అప్’ లాంటి చోట్ల పని పూర్తయిందని చెప్పే ముక్క అది. మనకు ఆ పని చేసిపెట్టేది ‘వేయు’. తినేశాడు, వాడేశాడు, మానేశాడు. ‘తినేశాడు’లో విసరడం ఎంతుందో ‘ఈట్ అప్’లో పైకి పోవడం అంతే ఉంది.

ఇప్పుడు ‘వదులు’ను తీసుకుని తోకలు మార్చి చూడండి. వదిలాడు అంటే పట్టు సడలించాడు. వదిలేశాడు అంటే ఇక పట్టించుకోడు. వదిలించుకున్నాడు అంటే పీడ పోయింది. వదులుకున్నాడు అంటే తనకు విలువైనది పోగొట్టుకున్నాడు. సిగరెట్లు వదులుకున్నాడంటే పాపం అనిపిస్తుంది, సీటు వదులుకున్నాడంటే త్యాగం కనిపిస్తుంది. ఇంత తేడా తెచ్చేది ఆ ‘కొను’ ఒక్కటే. ‘టి’, ‘టు’ల కంటే నాకు ఇదే పెద్ద సంగతి.

తాటాకు:
సరెండర్, అబాండన్, రిలింక్విష్ ఫ్రెంచి దారిన ఇంగ్లీషులోకి వచ్చిన మాటలు. కాగితాల్లో అవి, ఇంట్లో ‘గివ్ అప్’. మనకూ అంతే. పరిత్యజించు అర్జీలోకి, వదిలేయి వంటింట్లోకి. కూతురి నోట ఏ సంస్కృతమూ పెట్టకండి.

పోతన పక్షం:
లొంగడం అన్న అర్థం వచ్చింది గనక ఇది చెప్పకుండా ఉండలేను. ‘లావొక్కింతయు లేదు’ అని గజేంద్రుడు మొదలుపెట్టాడే, అక్కడ లావంటే బలం. ధైర్యం విలోలమైంది, ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వచ్చింది, తనువు డస్సింది. అన్నీ అయ్యాక ‘నీవే తప్ప నితఃపరం బెఱుగ’ అన్నాడు. ఇదీ గివ్ అప్పే. దీన్ని ఓటమి అనగలమా? ఇటు ఏనుగు అన్నీ వదిలేసింది. అటు విష్ణువు పరుగెత్తి వస్తూ ‘శ్రీకుచోపరిచేలాంచలమైన వీడడు’. చేతికి చిక్కిన లక్ష్మీదేవి చీర కొంగు వదలాలన్న ధ్యాస కూడా లేదాయనకు. వదలడం ఒకరిది, వదలకపోవడం ఇంకొకరిది, రెండూ ఒక్క ఘట్టంలోనే పెట్టాడు పోతన. ఆ ‘వీడడు’ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

ఛందోభిమాని:
ఆ పద్యంలో అంతకుముందు వచ్చేవన్నీ చేయని పనులే: చెప్పడు, చీరడు, చక్కనొత్తడు. ‘వీడడు’ కూడా వ్యతిరేకమే, కానీ అక్కడ చెయ్యి నిజంగా ఒకదాన్ని పట్టుకుని ఉంది. ఇదీ పట్టి విడవకపోవడమే. నా ‘పట్టి’కి పోతన సాక్ష్యం చాలు.

పాత పంతులు:
పోతన పద్యంతో వేమన పాఠం తేల్చడం కుదరదు నాయనా. పైగా అక్కడ ‘పట్టి’ అన్న మాటే లేదు.

వార్తల బల్ల:
కథ దగ్గరికి రండి. చేతులెత్తేశారు అంటే డాక్టర్లకు అతుకుతుంది. పొడుపుకథకూ ‘చేతులెత్తేశా నాన్నా’ అనవచ్చు. రెండు చోట్ల మోత దొరికినట్టే.

క్రియల పిచ్చి:
‘చేతులెత్తేశా’లో లొంగుబాటు ఉంది గానీ విడవడం లేదు. ‘వదిలేశా, నువ్వే చెప్పు’ అనిపించి చూడండి. సిగరెట్లు వదిలేశాడు, డాక్టర్లు వదిలేశారు, కుర్రాడు సీటు వదిలేశాడు. నాలుగు చోట్లా ఒకే ధాతువు, ఒకే తోక. సీటు దగ్గర త్యాగం కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి.

అనువాదకురాలు:
ఇప్పుడే నాలుగూ పెట్టి పైకి చదివాను. మొదటి మూడూ నిలబడ్డాయి. ‘డాక్టర్లు వదిలేశారు’ నేను రాసినదానికంటే గట్టిగా తగిలింది. నాలుగోచోట మాత్రం చెయ్యి ఆగింది. ‘వదిలేశా నాన్నా’ అంటే కూతురు పొడుపుకథను వదిలేసినట్టు కాక తండ్రినే వదిలేసినట్టు వినిపిస్తోంది. ఇంగ్లీషు కథలో ఆ నీడ ఉందేమోనని మళ్లీ చదివాను. ఉన్నట్టే ఉంది. అయినా ఆ పిల్ల నోట ఆ మాట పెట్టడానికి మనసు రావడం లేదు.

పాత పంతులు:
అయితే పెట్టండమ్మా. ‘ఐ గివ్ అప్’ అన్నప్పుడు ఆ పిల్ల దేన్నో పట్టుకుని ఉందా, పట్టుదలగా ఉందా? అది చూసి చెప్పండి. టి, టు సంగతి దానితో తేలుతుంది.

ఛందోభిమాని:
తండ్రి చెయ్యి పట్టుకుని ఉందా అని అడగండి మాస్టారూ.

అనువాదకురాలు:
పట్టుకునే ఉంది. మూడు పేరాల పైన ఉంది ఆ వాక్యం.